సింగరేణి గనుల వ్యవహారం: ఆరోపణకూ అపవాదుకూ నడుమ

భద్రాచలానికి దక్షిణంగా, పాల్వంచకు ఆవల గల ములకలపల్లి ప్రాంతం అడవుల సీమ. తరతరాలుగా కోయల నివాసభూమి అయిన ఈ సీమ నిజాం ప్రభువుల కాలంలో హైదరాబాదు రాజ్యానికి తూర్పు అంచుగా ఉండేది. గోదావరి ఆవలి గట్టున ఉన్న భద్రాచలం తాలూకా 1860లో బ్రిటిష్ వారి అధీనంలోకి పోయింది. ఈవలి గట్టు నిజాం ఏలుబడిలోనే మిగిలింది. 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో నేడు ములకలపల్లి, పాల్వంచ, ఎల్లెందు అన్నీ చేరి ఉన్నాయి.

ఈ సీమలోని ఎల్లెందు సమీపాన 1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టర్ కింగ్ బొగ్గు నిక్షేపాలను కనుగొన్నారు. గోదావరి లోయ వెంట సుమారు 350 కిలోమీటర్ల పొడవున వ్యాపించిన బొగ్గు పొరలలో అది ఒక భాగం. సింగరేణి అనే ఒక చిన్న గ్రామం పేరు ఆ బొగ్గుకు స్థిరపడింది. అయితే ఆ బొగ్గు భూమిలోనుండి పైకి రాకమునుపే దాని పేరు లండను వాటాల బజారులోనూ, బ్రిటిష్ పార్లమెంటులోనూ మారుమోగింది. హైదరాబాదు రాజకీయాలను కుదిపివేసిన గనుల కుంభకోణం ఆనాటిదే. నాలుగేండ్ల తరువాత అదే నగరంలో మరొక వివాదం చెలరేగింది. మొదటి వ్యవహారంలో పత్రాలు, ప్రమాణాలు, ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి. రెండవదానిలో సంతకం లేని ఒక కరపత్రం మాత్రమే ఉన్నది. ప్రజాధనం విషయంలో పాలకులను నిలదీయడమూ, గిట్టనివారిపై బురద చల్లడమూ ఒకటి కావు అనే సత్యం ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూచినప్పుడు తేటతెల్లమవుతుంది.

ఒప్పందం

1883 ఫిబ్రవరి 8న మొదటి సాలార్ జంగ్ మరణించారు. ముప్ఫై ఏండ్లు రాజ్యభారం వహించిన దివాను పోవడంతో హైదరాబాదులో అధికారం కోసం పెనుగులాట మొదలయింది. 1884 ఫిబ్రవరి 5న మీర్ మహబూబ్ అలీ ఖాన్ పూర్తి అధికారాలు స్వీకరించేనాటికి ఆయన వయస్సు పద్దెనిమిదేండ్లయినా నిండలేదు. సాలార్ జంగ్ కుమారుడు మీర్ లాయఖ్ అలీ, అనగా రెండవ సాలార్ జంగ్, దివాను అయ్యారు. ఆయన కూడా యువకుడే. ప్రభువు, దివాను ఇద్దరూ అనుభవం చాలని వయస్సులో ఉన్నప్పుడు రాజ్యవ్యవహారాల పగ్గాలు కార్యదర్శుల చేతిలోకి పోవడం సహజం. అట్టి కార్యదర్శులలో సర్దార్ దిలేర్ జంగ్ బిరుదాంకితులు అబ్దుల్ హఖ్ ఒకరు.

అబ్దుల్ హఖ్ సమర్థులని మిత్రులూ శత్రువులూ ఒప్పుకున్నారు. 1883లో లండనులో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడడానికి సంప్రదింపులు జరిపినది ఆయనే. పెట్టుబడిపై ఇరవై ఏండ్లపాటు నూటికి ఐదు వంతున వడ్డీ చెల్లించే బాధ్యతను ఆ ఒప్పందంలో ప్రభుత్వం నెత్తిన వేసుకున్నది. ఆనాడే హైదరాబాదులో కొందరు విద్యావంతులు ఈ షరతులు రాజ్యానికి నష్టకరమని ఎలుగెత్తినారు. చాందా రైల్వే ఆందోళనగా చరిత్రకెక్కిన ఆ వివాదంలో నిజాం కళాశాలతో ముడిపడిన పేరు, సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చట్టోపాధ్యాయ, రాజ్యం నుండి బహిష్కృతులయ్యారు. ముల్లా అబ్దుల్ ఖయ్యూం కూడా ఆ ఆందోళనలో నిలిచినవారే. ఒక హిందువు, ఒక ముస్లిము కలిసి అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ లెక్కలు ప్రజలకు ఎందుకు చూపరు? జవాబుగా లెక్కలు బయటపెట్టలేదు. అడిగినవారిని శిక్షించారు. తరువాత కాలంలో వచ్చిన చేటుకు బీజం ఇక్కడనే పడింది.

1886లో రాజ్యంలోని గనుల హక్కులను వాట్సన్, స్టూవర్ట్ అనే ఇద్దరు ఆంగ్లేయులకు 99 ఏండ్లకు కట్టబెడుతూ ఒప్పందం జరిగింది. నిజాం ప్రభుత్వం పక్షాన వ్యవహారం నడిపినది అబ్దుల్ హఖ్. భారత ప్రభుత్వపు అనుమతి, హైదరాబాదు రెసిడెంటు కార్డరీ ఎరుక దీనికి ఉన్నాయి. ఆ హక్కులను వినియోగించడానికి లండనులో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఏర్పడింది. దాని మూలధనం కాగితం మీద పది లక్షల పౌండ్లు, అనగా ఒక్కొక్కటి పది పౌండ్ల చొప్పున లక్ష వాటాలు. అందులో 85,000 వాటాలు పూర్తిగా సొమ్ము చెల్లించినట్లు రాసుకుని హక్కు పొందినవారికే ఇచ్చివేశారు. గనులు తవ్వడానికి కావలసిన సొమ్ము కోసం విడిచిపెట్టినవి 15,000 వాటాలే. ఒక్క గంప బొగ్గు పైకి తీయక మునుపే లక్షల పౌండ్ల ఆస్తి కొందరి చేతిలో పుట్టుకువచ్చింది.

ఇంతవరకైతే దీనిని లండను వ్యాపారుల గడుసుదనం అని సరిపెట్టుకోవచ్చు. కాని ఆ ఉచిత వాటాలలో ఒక భాగం అబ్దుల్ హఖ్‌కు కూడా ముట్టింది. పైగా నిజాం ప్రభుత్వం కూడా ఈ కంపెనీలో వాటాలు కొనడం మంచిదని సలహా ఇచ్చినది ఆయనే. ప్రభుత్వం ముఖవిలువకు మించిన ధర పెట్టి వాటాలు కొన్నది. తీరా చూస్తే ఆ అమ్మకంలో లాభపడినది సలహా ఇచ్చిన అధికారే. అమ్మేవాని పక్షాన, కొనేవాని పక్షాన ఒకే మనిషి కూర్చున్న బేరం అది.

పార్లమెంటు విచారణ

1888లో ఈ సంగతి బయటపడింది. అప్పటికి రెండవ సాలార్ జంగ్ 1887లో పదవి వదులుకోగా అస్మాన్ జాహ్ దివాను అయి ఉన్నారు. లండనులో ప్రతినిధుల సభ దీనిపై ఒక విచారణ సంఘాన్ని నియమించింది. కంపెనీ పెద్దలు, వ్యవహారంతో సంబంధం ఉన్నవారు సంఘం ఎదుట సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. ఉత్తరాలు, ఒప్పందాల నకళ్ళు, వాటాల చిట్టాలు పరిశీలనకు వచ్చాయి. నిజాం ప్రభుత్వ ప్రయోజనాలను కనిపెట్టి చూడడానికి హైదరాబాదు నుండి మెహదీ హసన్ అనే అధికారిని పంపారు. ఫతే నవాజ్ జంగ్ అన్నది ఆయన బిరుదు. ఈ పేరు పాఠకులు గుర్తుంచుకోవలసి ఉన్నది.

విచారణ ఫలితంగా అబ్దుల్ హఖ్ పదవి పోయింది. అయితే ఒప్పందం మాత్రం రద్దు కాలేదు. ఆ కంపెనీయే 1889లో ఎల్లెందు వద్ద బొగ్గు తవ్వడం మొదలుపెట్టింది. డోర్నకల్ నుండి సింగరేణికి రైలు శాఖ వేశారు. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి పాత కంపెనీ ఆస్తులను, అప్పులను స్వీకరించేదాకా ఆ ఏర్పాటు సాగింది. 1945లో హైదరాబాదు ప్రభుత్వం అధిక వాటాలు కొన్న తరువాతనే గనులపై రాజ్యానికి అసలైన పట్టు చిక్కింది. 1886లో మొదలైన దానిని సరిచేసుకోవడానికి దాదాపు అరవై ఏండ్లు పట్టిందన్నమాట. మనుషులు పదవులు పోగొట్టుకున్నారు గాని వ్యవస్థ మారలేదు. కుంభకోణాల చరిత్రలో ఇది సర్వసాధారణమైన ముగింపు.

ఎవరి కథ వారిది

గనుల వ్యవహారం బయటపడినప్పుడు హైదరాబాదులో అప్పటికే జనం ముఠాలుగా చీలి ఉన్నారు. ఉత్తర హిందూస్థానం నుండి వచ్చి ఉద్యోగాలలో స్థిరపడిన ముస్లిము అధికారులు ఒకవైపు. తరతరాలుగా దక్కనులో ఉన్న కుటుంబాలు మరొకవైపు. ముల్కీ, గైర్ ముల్కీ అనే మాటలు ఆనాడే పదునెక్కాయి. వీటికి తోడు ఒక్కొక్క అమీరు దేవడీ చుట్టూ ఒక్కొక్క వర్గం ఉండేది. వీరందరి పైన బ్రిటిష్ రెసిడెన్సీ నీడ ఉండేది.

ఇట్టి నగరంలో ఒక నేరం బయటపడితే దాన్ని నేరంగా చూచేవారు తక్కువ. అది ఎవరికి ఉపయోగపడుతుందని చూచేవారే ఎక్కువ. పూర్వ దివాను వర్గం అంటే గిట్టనివారికి ఇది ఆ వర్గమంతటి అవినీతికి నిదర్శనం. బయటినుండి వచ్చిన అధికారులను సహించలేనివారికి ఇది ఆ అధికారులందరి స్వభావానికి సాక్ష్యం. ఆంగ్లేయుల పెత్తనం నచ్చనివారికి ఇది మొదటినుండి చివరిదాకా రెసిడెన్సీ పన్నిన కుట్ర. అటు ఆంగ్లేయ పత్రికలలో కొన్నిటికి ఇది దేశీయ ప్రభువులు రాజ్యమేలడానికి తగరన్న వాదనకు చక్కని ఆధారం. ఒకే సంఘటన నాలుగు కథలుగా మారింది. ప్రతి కథలోనూ కొంత నిజం ఉన్నది. ప్రతి కథా తనకు పనికిరాని నిజాన్ని వదలివేసింది. రెసిడెన్సీని నిందించినవారు స్వజనుడైన అధికారి తీసుకున్న వాటాలను మరిచారు. దేశీయ పాలనను నిందించినవారు వాట్సన్, స్టూవర్టులు లండను పౌరులన్న సంగతినీ, అనుమతి ముద్ర భారత ప్రభుత్వానిదన్న సంగతినీ మరిచారు.

1891లో మరో సంచలనం వచ్చింది. సిమ్లా నగల వ్యాపారి జాకబ్ ఒక పెద్ద వజ్రాన్ని నిజాముకు చూపించి బేరం పెట్టాడు. ఇరవై మూడు లక్షల రూపాయలు ముందుగా చెల్లింపయ్యాయి. వజ్రం అక్కరలేదన్న తరువాత సొమ్ము తిరిగి రాలేదు. కలకత్తా హైకోర్టులో వ్యాజ్యం నడిచింది. నిజాం స్వయంగా వాంగ్మూలం ఇవ్వవలసి వచ్చింది. జాకబ్ నిర్దోషిగా విడుదలయ్యాడు. ప్రభువు ప్రతిష్ఠను దెబ్బతీయడానికి ఇదంతా ఎవరో ఆడించిన నాటకమన్న గుసగుసలు నగరమంతా వ్యాపించాయి. ఆ వజ్రం చివరకు 1995లో మిగిలిన నిజాం ఆభరణాలతో కలిసి 218 కోట్ల రూపాయలకు భారత ప్రభుత్వ పరమయింది.

ఆ 1891లోనే హైదరాబాదు ప్రభుత్వం పత్రికలపై ఆంక్షలు పెట్టింది. సంపాదకులు హామీపత్రం మీద సంతకం చేయాలన్న గస్తీ ఉత్తర్వు వెలువడింది. షౌకతుల్ ఇస్లాం అనే ఉర్దూ పత్రిక సంతకం చేయడానికి బదులు మూతపడడానికే సిద్ధపడింది. బాహాటంగా ప్రశ్నించే నోళ్ళు మూయించిన నగరంలో చాటుమాటు రాతలకు గిరాకీ పెరగడంలో ఆశ్చర్యం లేదు. మరుసటి ఏడే అది రుజువయింది.

సంతకం లేని కరపత్రం

1892 ఏప్రిల్‌లో ఆంగ్లంలో అచ్చయిన ఒక చిన్న కరపత్రం హైదరాబాదు పెద్దల చేతికి అందింది. హైదరాబాదు స్త్రీలకు విజ్ఞప్తి అన్న అర్థం వచ్చే పేరుతో వెలువడిన ఆ కరపత్రంపై రచయిత పేరు లేదు. దాని గురి మెహదీ హసన్. నాలుగేండ్ల క్రితం గనుల విచారణకు లండను వెళ్ళివచ్చిన అధికారే. అప్పటికి ఆయన ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి హోం కార్యదర్శి పదవికి ఎదిగారు. కరపత్రం ఆయన పరిపాలనను గాని, లెక్కలను గాని, తీర్పులను గాని తప్పుపట్టలేదు. లక్నోలో పెరిగిన ఆయన భార్య గెర్ట్రూడ్ డానెలీ శీలంపై, వారి వివాహంపై దాడి చేసింది. అందులోని మాటలను ఇక్కడ తిరిగి చెప్పడం అనవసరం. నూరేండ్లు దాటినా అపవాదు అపవాదే.

మెహదీ హసన్ మౌనం వహించలేదు. కరపత్రాన్ని అచ్చువేయించినవాడన్న ఆరోపణపై ఎస్. ఎం. మిత్రా అనే బెంగాలీ మీద రెసిడెన్సీ న్యాయస్థానంలో అభియోగం మోపారు. మద్రాసు నుండి ఎర్డ్‌లీ నార్టన్, బొంబాయి నుండి ఇన్వరారిటీ వంటి పేరుమోసిన న్యాయవాదులు వచ్చారు. నెలల తరబడి సాక్షుల విచారణ సాగింది. ఒక స్త్రీ గతాన్ని అపరిచితులు వరుసగా బోనెక్కి చర్చించారు. మనదేశంలోని ఆంగ్ల పత్రికలు దినదినమూ ఆ సాక్ష్యాలను వేడివేడిగా వడ్డించాయి. 1893 ఏప్రిల్‌లో మిత్రా నిర్దోషిగా విడుదలయ్యారు. కరపత్రం రాసినది ఎవరో న్యాయస్థానం తేల్చలేదు. దాని వెనుక ఫలానా అమీరు ఉన్నారని, ఫలానా కార్యదర్శి ఉన్నారని ఊహలు మాత్రం ఎన్నో మిగిలాయి. మెహదీ హసన్ ఉద్యోగం పోయింది. ఆయన లక్నో చేరి 1904లో కన్నుమూశారు. గెర్ట్రూడ్ పేదరికంలో బ్రతికి 1912లో మరణించారు.

ఆ గాలివానకు పడిపోయినది ఆ దంపతులు మాత్రమే కాదు. అస్మాన్ జాహ్ దివానుగిరీ 1893లో ముగిసింది. రాజ్యపు ఆర్థిక, రాజకీయ కార్యదర్శి మొహ్సినుల్ ముల్క్ అదే ఏడు హైదరాబాదు విడిచారు. ఆయన తరువాత అలీగఢ్ కళాశాల కార్యదర్శిగా, 1906లో ముస్లిం లీగు స్థాపకులలో ఒకరుగా పేరుపొందారు. ముఠాల కక్షలు ఒక రాజ్యం నుండి దాని సమర్థులను ఎట్లా తరిమివేస్తాయో దీనినిబట్టి గ్రహించవచ్చు.

అమెరికా అనుభవం

ఇదంతా నవాబుల కాలపు దర్బారు రోగమనీ, ప్రజాస్వామ్యంలో ఇట్టివి ఉండవనీ అనుకుంటే పొరపాటు. ప్రజాస్వామ్యానికి తామే ఆదర్శమని చెప్పుకునే అమెరికా చరిత్ర పొడుగునా ఇవే దృశ్యాలు కనబడతాయి.

సింగరేణి వ్యవహారానికి దగ్గరి పోలిక టీపాట్ డోమ్ కుంభకోణం. నౌకాదళం కోసం కేటాయించిన నూనె నిక్షేపాలను 1922లో అంతర్గత వ్యవహారాల మంత్రి ఆల్బర్ట్ ఫాల్ పోటీ లేకుండా ప్రైవేటు వ్యాపారులకు కౌలుకిచ్చారు. వారి నుండి ఆయనకు సొమ్ము ముట్టింది. సెనేటరు థామస్ వాల్ష్ కాగితాలు ఒక్కొక్కటిగా పరిశీలిస్తూ పోయినప్పుడు, ఇది ప్రతిపక్షపు కక్ష అని కొట్టిపారేసినవారు ఉన్నారు. వాల్ష్ డెమోక్రాటు, ఫాల్ రిపబ్లికన్. కాని కాగితాలకు పార్టీ లేదు. 1929లో లంచం తీసుకున్న నేరం రుజువై 1931లో ఫాల్ జైలుకు పోయారు. విచిత్రమేమంటే ఆ లంచం ఇచ్చినట్లు ఆరోపణ ఎదుర్కొన్న వ్యాపారి డొహెనీ మాత్రం నిర్దోషిగా బయటపడ్డారు. ఇక్కడ కూడా దండన ఒకరికి, లాభం మరొకరికి.

హైదరాబాదు కరపత్రానికి పోలిక సెనేటరు జోసెఫ్ మెకార్థీ ఉదంతం. 1950 ఫిబ్రవరిలో ఆయన ఒక సభలో విదేశాంగ శాఖ నిండా కమ్యూనిస్టులు చేరారని ప్రకటించి, తన వద్ద జాబితా ఉన్నదన్నారు. జాబితాలోని సంఖ్య ఉపన్యాసానికి ఒక రకంగా మారుతూ పోయింది. రుజువు మాత్రం రాలేదు. ఎందరో ఉద్యోగాలు కోల్పోయారు, ఎన్నో ఇళ్ళలో పొయ్యి ఆరిపోయింది. 1954 డిసెంబరు 2న సెనేటు 67–22 ఓట్లతో ఆయనను అభిశంసించింది. అప్పటికి జరగవలసిన నష్టం జరిగిపోయింది.

మూడవది వాటర్‌గేట్. 1972 జూన్ 17న డెమోక్రటిక్ పార్టీ కార్యాలయంలో దొంగలు పట్టుబడినప్పుడు అధ్యక్షుడు నిక్సన్ అనుయాయులకు అది చిల్లర దొంగతనం, ప్రతిపక్షులకు మహాకుట్ర. రెండేండ్లు ఈ వాదం నడిచింది. చివరకు న్యాయస్థానం ఆదేశంపై అధ్యక్షుని సంభాషణల టేపులు బయటికి వచ్చాయి. 1974 జులై 27న ప్రతినిధుల సభ న్యాయసంఘం మొదటి అభియోగాన్ని 27–11 ఓట్లతో ఆమోదించినప్పుడు, నిక్సన్ పార్టీకి చెందిన ఆరుగురు సభ్యులు ఆయనకు వ్యతిరేకంగా ఓటు వేశారు. ఆగస్టు 9న నిక్సన్ రాజీనామా చేశారు. ఆ ఆరుగురి ఓట్లు లేకపోయినా తీర్మానం నెగ్గేదే. అయినా ప్రజలు దాన్ని ముఠా తగాదాగా గాక న్యాయంగా స్వీకరించడానికి ఆ ఆరు ఓట్లే కారణమయ్యాయి. స్వపక్షంపై సాక్ష్యం చెప్పగలిగినవాని మాటకే విలువ.

ధర్మపు త్రాసు

ఇస్లాం ఈ విషయంలో రెండు వైపులా హద్దులు గీసింది. ప్రజాధనం అమానతు. దాన్ని చేపట్టినవాడు లెక్క చెప్పవలసినదే. బనూ సులైం తెగ నుండి జకాతు వసూలు చేయడానికి వెళ్ళిన ఇబ్నుల్ లుత్బియ్యా అనే వ్యక్తి తిరిగివచ్చి, తెచ్చిన దానిలో కొంత బైతుల్ మాలుకు చెందుతుందని, కొంత తనకు కానుకగా వచ్చిందని వేరుచేశాడు. దైవప్రవక్త (స) ఆగ్రహించారు. అతడు ఉద్యోగంలో లేకుండా తల్లిదండ్రుల ఇంట కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చి ఉండేదా అని ప్రజల ఎదుట మిన్బరు మీదినుండి ప్రశ్నించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. ఈ ఒక్క ప్రశ్న అబ్దుల్ హఖ్ వాటాలకు అతికినట్లు సరిపోతుంది. ఆయన నిజాం ప్రభుత్వ ప్రతినిధి కాకపోయి ఉంటే లండను వ్యాపారులు ఆయనకు వాటాలెందుకు ఇస్తారు? రైల్వే విషయంలో ఆయన చేసిన సేవ గాని, ఆయన మన మతస్థుడన్న అభిమానం గాని ఈ ప్రశ్నకు జవాబు కాజాలవు. హజ్రత్ ఉమర్ (ర) తాము నియమించిన వలీల ఆస్తిపాస్తులు లెక్కగట్టించారని, వాటి వివరం తెలుసుకోవడానికి ముహమ్మద్ బిన్ మస్లమా (ర)ను పంపేవారని చరిత్రకారులు రాశారు. కనుక పాలకుని నిలదీయడం ఫిత్నా కాదు. అది సమాజం నెరవేర్చవలసిన విధి. చాందా రైల్వే విషయంలో లెక్కలడిగిన ముల్లా అబ్దుల్ ఖయ్యూం, అఘోరనాథ్‌లు ఆ విధినే నెరవేర్చారు.

రెండవ హద్దు అపవాదుకు సంబంధించినది. బనూ ముస్తలిఖ్ దండయాత్ర నుండి తిరిగివచ్చేటప్పుడు హజ్రత్ ఆయిషా (ర)పై కపటులు పుట్టించిన నింద మదీనా నగరాన్ని సుమారు నెలరోజులు కలతపెట్టింది. సూరా నూర్ అవతరించి ఆమె నిర్దోషిత్వాన్ని ప్రకటించింది. అక్కడితో ఆగలేదు. నలుగురు సాక్షులను తీసుకురాలేక శీలవతులపై నింద మోపేవారికి ఎనభై కొరడా దెబ్బలు శిక్షగా నిర్ణయమయింది. ఆపైన వారి సాక్ష్యం స్వీకారానికి పనికిరాదు. నింద పుట్టించినవారినే గాక, విని నోటినుండి నోటికి చేరవేసినవారిని కూడా ఆ సూరా మందలించింది. హైదరాబాదు కరపత్రాన్ని ఈ త్రాసులో పెడితే తూకం తేలిక. రచయిత ముఖం చూపలేదు. సాక్షులను తేలేదు. ప్రజలకు సంబంధించిన ఏ లెక్కా అడగలేదు. దానిని దాచి చదివి మిత్రులకు అందించిన పెద్దమనుషులందరూ అందులో భాగస్వాములే.

ఈ రెండు హద్దుల నడుమ నడవడానికి దివ్య ఖుర్ఆన్ మూడు దారిదీపాలు చూపింది. నమ్మదగనివాడు వార్త తెస్తే దాన్ని నిజనిర్ధారణ చేసుకొమ్మని సూరా హుజురాత్ ఆరవ వాక్యం ఆదేశించింది. ఒక జాతిపై గల వైరం న్యాయం తప్పడానికి కారణం కారాదని సూరా మాయిదా ఎనిమిదవ వాక్యం హెచ్చరించింది. సాక్ష్యం తమకు, తమ తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే న్యాయం పక్షాన నిలువుమని సూరా నిసా 135వ వాక్యం బోధించింది. మొదటిది వినేవానికి, రెండవది శత్రువుతో వ్యవహరించేవానికి, మూడవది మిత్రుని విషయంలో తడబడేవానికి. ఆనాటి హైదరాబాదు ముఠాలన్నీ సలాతు చేసినవారివే. ఈ వాక్యాలు వారికి కంఠస్థమే. లోపించినది తెలివి కాదు, ఆచరణ.

కుట్రసిద్ధాంతాల సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. కుట్రలు అసలే ఉండవని చెప్పలేము. వాట్సన్, స్టూవర్టులు వాటాలు పంచుకున్నది రహస్యంగానే. వాటర్‌గేట్ కూడా రహస్యంగానే నడిచింది. కాని అవి రుజువైనది అనుమానం బలంగా ఉన్నందువల్ల కాదు, కాగితం దొరికినందువల్ల. నిజమైన కుట్రను తవ్వేవాడు తన మాట తప్పని తేలే దారి తెరిచి ఉంచుతాడు. ఫలానా పత్రం తెండి, ఫలానా సాక్షిని పిలవండి అంటాడు. ఊహాకుట్రను ప్రచారం చేసేవాడు ఆ దారి మూసివేస్తాడు. రుజువు లేకపోవడమే కుట్ర ఎంత లోతైనదో చెప్పే రుజువంటాడు. అనుమానాలలో అధికభాగానికి దూరంగా ఉండమని, కొన్ని అనుమానాలు పాపాలని సూరా హుజురాత్‌లోనే ఉన్న హెచ్చరిక ఇట్టి స్థితి గురించే.

అడవి వాటా

ఇన్ని వాదాలలో ఒక పక్షం ఊసు ఎక్కడా వినబడదు. 1888లో లండనులో చర్చ వాటాల ధర చుట్టూ తిరిగింది. హైదరాబాదులో చర్చ పదవుల చుట్టూ తిరిగింది. ఎల్లెందు, పాల్వంచ, ములకలపల్లి అడవుల కోయలు ఆ భూమితో బంధమున్నవారే. పలుగు పట్టి బొగ్గు పొరలోకి దిగిన కూలీలు ఆ సంపదకు చెమటోడ్చినవారే. వారి నష్టమెంత, వారికి రావలసినదేమిటన్న ప్రశ్న నాలుగు కథల్లో ఒక్కదానిలోనూ లేదు. 99 ఏండ్లకు హక్కులు రాసి ఇచ్చినవారు ఆ అడవిలో బ్రతికేవారిని అడగలేదు. ఒప్పందాన్ని ఖండించినవారు కూడా అడగలేదు. ముఠాల పోరులో ప్రజాప్రయోజనమన్న మాట అందరి నోటా ఉంటుంది. ప్రజలు మాత్రం సాక్షుల జాబితాలో ఉండరు.

సింగరేణి బొగ్గు ఆ తరువాత రైళ్ళను నడిపింది, మిల్లులను నడిపింది. ములకలపల్లికి పొరుగున ఉన్న పాల్వంచలో 1960ల నుండి విద్యుత్తు వెలిగించింది. 1886 నాటి ఒప్పందం, అందులో చేతులు మారిన వాటాలు, వాటికోసం రేగిన నిందలు పుస్తకాల్లోనే మిగిలాయి. కాని ఏ రాజ్యంలోనైనా, ఏ కాలంలోనైనా నేలలోని సంపదను ఒకరికి కట్టబెట్టే కాగితం మీద సంతకం పడినప్పుడు, ఆ ప్రాంతపు ముస్లిము పాఠకుడు అడగవలసిన ప్రశ్నలు అవే: సంతకం చేసినవానికి ముట్టినదెంత? లెక్క ఎవరు చూశారు? ఆ నేలమీద ఉన్నవారిని ఎవరు అడిగారు? ఈ ప్రశ్నలు స్వజనుని విషయంలో మరింత గట్టిగా అడగాలి. ఒకరి ఇంటి గుట్టును గురించి సంతకం లేని కాగితం చేతికి వచ్చినప్పుడు మాత్రం చేయవలసిన పని ఒక్కటే. దానిని మరొకరి చేతికి ఇవ్వకూడదు.